డయేరియా కబురొచ్చిన ఊరికి వెళ్ళే ముందు

నాన్నా,

రోగం ఎక్కడ ఎలా పాకుతోందో తేల్చే జిల్లా ఎపిడెమియాలజిస్టుగా చేరావు, వానలు దగ్గరపడుతున్నాయి, నాలుగు మాటలు రాయమన్నావు. అవుట్‌బ్రేక్ (రోగం ఒక్కసారిగా ప్రబలడం) దర్యాప్తుకి పుస్తకంలో ఉన్న మెట్లు నీకు కంఠతా వచ్చే ఉంటాయి. వాటిని మళ్ళీ చెప్పను. ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని తెలిసిన మొదటి 24 గంటల గురించే ఎక్కువ రాస్తాను. మన పనికి కావలసిన ఆధారమంతా ఆ ఒక్క రోజులోనే ఉంటుంది, ఆ ఒక్క రోజులోనే పోతుంది కూడా. ఎవరూ కావాలని చెయ్యరు. ట్యాంకులో బ్లీచింగ్ గుమ్మరిస్తారు. పగిలిన పైపుకి రాత్రికి రాత్రి క్లాంపు వేసి మట్టి కప్పేస్తారు. వైద్యశిబిరానికి వచ్చిన ప్రతివాడికీ ముందు యాంటీబయాటిక్ మాత్ర చేతిలో పెడతారు. మర్నాడు నువ్వు జీపు దిగేసరికి నీళ్ళు శుభ్రం, మలంలో క్రిమి పెరగదు, పైపు ఎప్పుడూ పగల్లేదు.

ముందు కబురు సంగతి. 2004లో వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైనప్పటి నుంచి మూడు ఫారాల మీద నడుస్తోంది మన బండి. లక్షణాలు చూసి ఊరి నర్సు ఏఎన్‌ఎం రాసేది ఎస్, రోగమేదో అనుమానించి డాక్టరు రాసేది పి, ల్యాబు తేల్చి రాసేది ఎల్. మొదట్లో వారానికోసారి పోయేవి. 2021 ఏప్రిల్‌లో దేశమంతటా ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ నిఘా పోర్టల్ వచ్చాక రోజువారీగా ఎక్కుతున్నాయి. తెర మీద గ్రాఫు బాగానే ఉంటుంది. అయితే అది ప్రభుత్వ గడప తొక్కినవాళ్ళ గ్రాఫని గుర్తుపెట్టుకో. విరేచనాలు పట్టుకున్న మనిషి మొదట పోయేది వీధి చివర డిగ్రీ లేని ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి, ఒక సెలైన్ ఎక్కించుకోవడానికి. కాబట్టి మండలానికి కనీసం నలుగురైదుగురు ఆర్‌ఎంపీలు, ఇద్దరు ముగ్గురు మందుల షాపువాళ్ళు, హాస్టల్ వార్డెన్లు నీ ఫోన్లో ఉండాలి. "నిన్న ఎన్ని సెలైన్లు ఎక్కాయి, ఏ వీధివాళ్ళు?" అన్నదొక్కటే ప్రశ్న. చట్టం ప్రకారం ఆర్‌ఎంపీ చేసేది తప్పా కాదా చూసేవాళ్ళు వేరే ఉన్నారు. నువ్వు నిఘా మనిషివి, తనిఖీ మనిషివి కాదు. ఒక్కసారి తనిఖీ బృందాన్ని వెంటపెట్టుకుని అతని గుమ్మం ఎక్కావంటే ఇక ఆ మండలం నుంచి నీకు ముందు కబురు రాదు.

పోర్టల్లో సున్నాలను కూడా చదవడం నేర్చుకో. శ్రావణ భాద్రపదాల్లో ఎనిమిది వారాలు వరసగా సున్నా పంపిన సబ్‌సెంటర్‌లో రోగం లేదని కాదు, అక్కడ చూసేవాళ్ళు లేరని. ప్రతి వారం ఒకే అంకె వస్తుంటే అది కాపీ. ఇంకొక జబ్బు మన శాఖలోనే ఉంది: ఎక్కువ కేసులు రాసిన ఏఎన్‌ఎంని సమీక్షలో నిలబెట్టి అడుగుతారు. వచ్చే నెల ఆ మండలంలో రోగాలు తగ్గిపోతాయి, కాగితం మీద. నీ చేతిలో ఉన్నంతవరకు ముందుగా రాసినవాళ్ళని మెచ్చుకో, అందరి ముందూ.

ఆ ఊళ్ళో అదే వారానికి గత మూడేళ్ళలో ఎన్ని కేసులున్నాయో చూసుకుని, పెరిగిందో లేదో తేల్చుకో. ఒక్క విషయంలో మాత్రం లెక్కలు చూడకు. ఐదేళ్ళు దాటిన మనిషి నీళ్ళ విరేచనాలతో చిక్కిపోయి చనిపోయాడంటే, ఒక్కరే అయినా, కలరా అనుకునే బయల్దేరు.

బయల్దేరే ముందు ఏఎన్‌ఎంకి ఫోన్ చెయ్యి. మొదటి మనిషికి ఎప్పుడు మొదలైంది, ఇప్పటికి ఎందరు, పిల్లలా పెద్దలా, నెత్తురు పడుతోందా, కుళాయి చివరిసారి ఎప్పుడు వదిలారు. ఆ తర్వాత అసలు మాట: "ట్యాంకులో బ్లీచింగ్ వెయ్యకముందే రోగులున్న వీధిలో ఒక కుళాయి నుంచి, లైను చివరి కుళాయి నుంచి చెరో సీసా పట్టి పెట్టమ్మా." ఇది పది నిమిషాల పని. అంతేగాని నువ్వొచ్చేదాకా క్లోరినేషన్ ఆపమని మాత్రం ఎన్నడూ అనకు. నీ ఆధారం కోసం ఇంకొక మనిషి ఆ నీళ్ళు తాగకూడదు. ఇది జరగాలంటే ప్రతి పీహెచ్‌సీలో స్టెరైల్ చేసిన 250 మిల్లీలీటర్ల సీసాలు రెండు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, లోపల సోడియం థయోసల్ఫేట్ వేసి. నీళ్ళలో ఉన్న క్లోరిన్‌ని అది విరిచేస్తుంది, లేకపోతే ల్యాబుకి చేరేలోపు సీసాలోనే క్రిములు చచ్చిపోయి "నీరు మంచిదే" అని రిపోర్టు వస్తుంది. ఆ సీసాను శుభ్రం చేద్దామనుకుని కడిగిపెట్టేవాళ్ళు ఉంటారు. కడిగితే మందు పోతుంది, చెప్పి ఉంచు. అంచుదాకా నింపకుండా పైన అంగుళం ఖాళీ వదలాలి. ఐస్ పెట్టెలో పెట్టి ఆరు గంటల్లో ల్యాబుకి చేర్చాలి, ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు.

వీటితోపాటు, ఊళ్ళోనే నీళ్ళు పరీక్షించే హెచ్‌2ఎస్ సీసాలు నాలుగైదు పట్టుకెళ్ళు. గీత దాకా నీళ్ళు పోసి నీడలో ఉంచితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడుతుంది; నల్లబడిందంటే మలం కలిసిందని అనుమానించాలి. ల్యాబు పరీక్షకి ఇది సాటి కాదు, నల్లబడనంత మాత్రాన నీరు మంచిదనీ కాదు. అయినా దీనికొక గుణం ఉంది. చివరి వీధి కుళాయి నీళ్ళు ఒక సీసాలో, చేతిపంపు నీళ్ళు ఒక సీసాలో ఆడవాళ్ళ చేతే పట్టించి, వాళ్ళింటి గూట్లోనే పెట్టించు. మర్నాడు ఒకటి నల్లగా, ఒకటి మామూలుగా కనిపిస్తే నీ ఉపన్యాసం అక్కర్లేదు.

మలం నమూనాలు అయిదు నుంచి పది చాలు, యాభై అక్కర్లేదు. కొత్తగా మొదలైనవాళ్ళని, ఇంకా యాంటీబయాటిక్ పడనివాళ్ళని ఎంచుకో. మలం అద్దిన దూదిపుల్లని (స్వాబ్), క్రిమిని ల్యాబుదాకా బతికించే కేరీ-బ్లెయిర్ మాధ్యమంలో గుచ్చి మూత బిగించు. ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పొకటుంది: నీటి సీసాలతోపాటు వీటినీ ఐసులో పెట్టేస్తారు. కలరా క్రిమికి చలి పడదు. కేరీ-బ్లెయిర్‌లో ఉంటే మామూలు వేడికే అది బతుకుతుంది. పిల్లల్లో రోటా లాంటి వైరస్ అనుమానం ఉంటే మలం వేరే డబ్బాలో తీసి, దాన్ని ఐసులో పంపు. అంటే రెండు పెట్టెలు కావాలి. లేబుల్ మీద వయసు, తేదీ, గంట, మందు పడిందా లేదా రాయాలి, పెన్నుతో కాదు, పెన్సిల్‌తో. తడికి పెన్ను సిరా చెరిగిపోతే పది ట్యూబులూ అనాథలే.

నమూనాలు బండెక్కాయి. ఇక నీ అసలు పని ఇంటింటికీ తిరగడం. వారం తర్వాత వచ్చే ల్యాబు రిపోర్టు క్రిమి పేరు చెబుతుంది, అది ఏ దారిన వచ్చిందో చెప్పదు. దారి చెప్పేది నీ లైన్ లిస్టే, అంటే ఒక్కో రోగికి ఒక్కో వరస రాసిన జాబితా. అందుకే దాన్ని శిబిరం బల్ల దగ్గర కూచుని నింపకు. శిబిరానికి రానివాళ్ళు, బంధువులింటికి పోయినవాళ్ళు, ప్రైవేటు ఆస్పత్రిలో చేరినవాళ్ళు అందులోకి రారు.

కేసు అంటే ఎవరో ముందే ఒక వాక్యంలో రాసుకో: ఫలానా ఊళ్ళో, ఫలానా తేదీ తర్వాత, 24 గంటల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు నీళ్ళ విరేచనం అయిన మనిషి. "కుళాయి నీళ్ళు తాగిన" అన్న మాట అందులోకి రానివ్వకు. ఉత్సాహంలో చాలామంది అది చేరుస్తారు. నువ్వు తేల్చవలసిన విషయాన్నే ముందుగా షరతు పెడితే, రోగులందరూ కుళాయి నీళ్ళే తాగారని తేలకేం చేస్తుంది?

"డయేరియా వచ్చిందా?" అని అడిగితే లేదంటారు. డయేరియా అంటే పేపర్లో పడే పెద్ద రోగం, మా ఇంట్లో ఉన్నది కడుపు కొంచెం చెడటం. విరేచనాలను కొన్నిచోట్ల మోషన్లంటారు, కొన్నిచోట్ల బేదులంటారు. జిగట విరేచనాలు వేరు. ఆ ఊరి మాట ఏదో ఆశా కార్యకర్తని అడిగి తెలుసుకో. "నిన్న పొద్దుట్నుంచి ఎన్నిసార్లు బయటికెళ్ళారు?" అంటే అంకె వస్తుంది. కోడలిని అత్తగారి ముందు, ఆడవాళ్ళని మగవాళ్ళ ముందు అడగకు. ఆశా చేత అడిగించు. నాట్ల రోజుల్లో పదకొండు గంటలకి వెళితే సగం ఇళ్ళు తాళాలే. తెరిచి ఉన్న ఇళ్ళలో ముసలివాళ్ళు, పసిపిల్లలే ఉంటారు, నీ జాబితాలో రోగం వాళ్ళదే అయిపోతుంది. ఉదయం ఆరింటికి వెళ్ళు, లేదా దీపాలు పెట్టాక వెళ్ళు. తాళం ఇంటిని కొట్టెయ్యకుండా గుర్తు పెట్టుకుని మళ్ళీ వెళ్ళు.

అన్నిటికన్నా ముఖ్యమైన గడి మొదటి విరేచనం అయిన తేదీ, గంట. శిబిరానికి వచ్చిన తేదీ కాదు. ఈ రెండూ కలిసిపోతే గ్రాఫులో శిఖరం సరిగ్గా శిబిరం పెట్టిన రోజున వస్తుంది, రోగం మనమే తెచ్చినట్టు. గడియారం ప్రకారం ఎవరికీ గుర్తుండదు. కుళాయి వదలక ముందా తర్వాతా, రాత్రి సీరియల్ అయ్యాకా, పాలవాడు వచ్చే వేళకా అని అడిగి నువ్వు గంటలోకి మార్చుకో. రోగం రాని ఇళ్ళలో కూడా తలలు లెక్కపెట్టు. ఇది విసుగు పని, అందుకే వదిలేస్తారు. ఆ లెక్క లేకపోతే నీ దగ్గర ఉన్నది సగం భిన్నమే, పైన అంకె ఉంటుంది, కింద ఉండదు.

ఎందుకంటావా? పెద్ద వీధిలో 1,000 మంది ఉంటే 40 మందికి వచ్చిందనుకో. చివరి కాలనీలో 100 మంది ఉంటే 20 మందికి వచ్చిందనుకో. పేపర్లో పెద్ద వీధి పేరొస్తుంది, అధికారులు అక్కడికే వెళతారు. నూటికి లెక్క కడితే పెద్ద వీధిలో 4, కాలనీలో 20. నువ్వు తవ్వాల్సింది కాలనీ పైపు.

నీళ్ళ గురించి అడిగేటప్పుడు జాగ్రత్త. "ఏ నీళ్ళు తాగుతారు?" అంటే "క్యాన్ నీళ్ళండీ" అని గర్వంగా చెబుతారు. అక్కడితో ఆగకు. నోరు పుక్కిలించేది ఏ నీళ్ళు, మజ్జిగలో కలిపేది ఏవి, పసిదానికి పాలసీసా కడిగేది ఏవి, పొలానికి బాటిల్లో పట్టుకెళ్ళేది ఏవి? క్యాన్ అయిపోయిన రోజు ఏం తాగారు? ఆర్వో ప్లాంటు నీళ్ళని కూడా నమ్మి వదిలెయ్యకు. వాటిలో క్లోరిన్ మిగలదు. క్యాన్ లోపల పాచి పట్టినా, ముంచే చెంబుతో చెయ్యి తగిలినా ఆపే దిక్కుండదు.

రాత్రి కూచుని గళ్ళ కాగితం మీద ఒక్కో రోగికి ఒక్కో గడి నింపు. కంప్యూటర్లో తర్వాత గీసుకోవచ్చు, చేత్తో నింపితేనే కన్ను పడుతుంది. రోగం పొదిగే కాలంలో, అంటే క్రిమి ఒంట్లోకి చేరాక లక్షణం బయటపడేదాకా పట్టే కాలంలో, మూడో వంతో నాలుగో వంతో గ్రాఫులో ఒక్కో కమ్మీ (నిలువు పట్టీ) వెడల్పుగా పెట్టుకో. కలరా కొన్ని గంటల నుంచి అయిదు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి 12 గంటల కమ్మీలు సరిపోతాయి. నిట్టనిలువుగా లేచి రెండు మూడు రోజుల్లో పడిపోతే ఒక్కసారి కలిసిన విషం, పెళ్ళి భోజనమో ఒక పూట నీళ్ళో. దిగకుండా బల్లపరుపుగా సాగుతుంటే ఇంకా కలుస్తూనే ఉంది. ఊరికి రోజు విడిచి రోజు నీళ్ళు వదులుతుంటే, ఆ వంతులకీ నీ గ్రాఫులో గుట్టలకీ పొంతన ఉందేమో పక్కపక్కన పెట్టి చూడు.

ఇప్పుడు ట్యాంకు ఆపరేటర్ దగ్గరికి వద్దాం. ఆ ఊరి నీటి పటం గీసి ఉన్నది ఒకే ఒక్కచోట, అతని తలలో. ఆఫీసులో ఉన్న డ్రాయింగు పైపులు వేసిన నాటిది. ఆ తర్వాత తీసిన కనెక్షన్లు, కట్టేసిన లైన్లు అందులో ఉండవు. అతనికి జీతం అంతంతమాత్రం, ఏ తప్పు జరిగినా మొదట వేలు తన మీదికే వస్తుందని తెలుసు. సర్పంచి, కార్యదర్శి పక్కన ఉండగా అడిగితే "అంతా బాగానే ఉందండీ" అంటాడు. వేరేగా కలువు. కుర్చీలో కూచోబెట్టి టీ ఇప్పించు. ఏ వాల్వు ముందు తిప్పుతావు, ఎంతసేపు, ఏ వీధికి చివర్న అందుతుంది, ఈ నెలలో ఎక్కడ తవ్వారు, కొత్త కనెక్షన్ ఎవరు తీసుకున్నారు, కేబులు కోసమో సిమెంటు రోడ్డు కోసమో యంత్రం ఎక్కడ దిగింది అని అడుగు. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద గీసి, నీ కేసుల ఇళ్ళని దాని మీద చుక్కలుగా పెట్టు. చుక్కలు వీధుల వెంట కాదు, వాల్వుల వెంట గుమిగూడతాయి.

తర్వాత నీళ్ళు వదిలే వేళకి అతనితో లైను పొడవునా నడువు. ముందు వాల్వు గుంత మూత తీయించు. చాలాచోట్ల మురుగు నీళ్ళలో వాల్వు మునిగి ఉంటుంది. నీళ్ళు పారుతున్నంతసేపూ లోపలి ఒత్తిడి మురుగుని బయటే ఉంచుతుంది. ఆపేసిన మరుక్షణం పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది, సందు ఉన్నచోటల్లా మురుగు లాక్కుంటుంది. రోజుకి గంట నీళ్ళిచ్చే ఊళ్ళో మిగతా 23 గంటలూ ఆ ప్రమాదమే. పీల్చిన మురికి మళ్ళీ వదిలినప్పుడు మొదటి బిందెల్లో వస్తుంది. అందుకే లైన్ లిస్టులో "మొదటి బిందె పడతారా, తర్వాతా?" అన్న గడి ఒకటి పెట్టు.

తర్వాత గుంత కుళాయిలు. పైకి ఎక్కేంత ఒత్తిడి లేక ఇంటిముందు రెండు మూడు అడుగుల గుంత తవ్వి, అందులో పైపు కోసి, బిందె దింపి పట్టుకుంటారు. పక్కనే మురుగు కాలువ, గుంత కన్నా ఎత్తులో. పైపుకి బిరడా ఉండదు. వాన పడితే గుంతంతా నీరు, అందులో పిల్లల కాళ్ళు, కోళ్ళు. ఆ వీధిలో నాలుగిళ్ళవాళ్ళు పైపుకే మోటార్లు బిగిస్తే లాగుడు ఇంకా ఎక్కువ, గుంత నీళ్ళు వీధంతటి పైపులోకి పోతాయి. ఇక్కడ ఒక్కమాట. గుంతలు పూడ్పించి, మోటార్లు పీకించి ఫొటో దిగడం తేలిక. ఒత్తిడి పెరగకుండా అది చేస్తే ఆ ఇళ్ళకి నీళ్ళే రావు; వారంలో మళ్ళీ తవ్వుతారు, ఈసారి నీకు చూపించరు. ముందు లీకులు కట్టించి, ఆ వాల్వుకి వేరే వంతు ఇప్పించి, తర్వాత గుంత మాట ఎత్తు. అప్పటిదాకా గుంత పైపుకి బిరడా, మొదటి రెండు బిందెలు వాడకానికే అన్న మాట చాలు.

బ్లీచింగ్ గురించి తేలిగ్గా తీసుకోకు, ఇందులో లెక్క ఉంది. తాజా పొడిలో క్లోరిన్ నూటికి 33 దాకా ఉంటుంది. సంచి విప్పి చెమ్మగిల్లే గదిలో ఉంచితే వారాల్లో పడిపోతుంది. మామూలు రోజుల్లో 1,000 లీటర్లకి 2.5 గ్రాములు, రోగం ఉన్నప్పుడు 5 గ్రాములతో మొదలుపెట్టు. 40,000 లీటర్ల ట్యాంకుకి 200 గ్రాములు. పొడి బలం సగానికి పడి ఉంటే రెట్టింపు కావాలి. బావి అయితే అడ్డుకొలతని అడ్డుకొలతతో, దాన్ని నీటి లోతుతో, దాన్ని 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి, కొలతలు మీటర్లలో ఉంటే. మూడు మీటర్ల బావిలో రెండు మీటర్ల నీరుంటే 14 వేల లీటర్ల పైచిలుకు, అంటే 70 గ్రాములు. పొడిని అలాగే ట్యాంకులో కుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొంచెం నీళ్ళతో ముద్దచేసి, బకెట్ నింపి కలిపి, పది పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే పొయ్యాలి. అడుగున దిగిన సున్నం పారబొయ్యాలి. కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి. పొడి అలాగే పోస్తే మొదటి వీధికి ఘాటు, చివరి వీధికి ఏమీ ఉండదు. ఘాటు తగిలిన వీధివాళ్ళు కుళాయి మానేసి పాతబావికి పోతారు, రోగం అక్కడ మొదలవుతుంది. అందుకే వదలకముందే వాసన వస్తుందని, నాలుగు రోజులు ఓర్చుకోమని చాటింపు వేయించు.

క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి సంతోషపడొద్దు. లైను చివరి కుళాయి దగ్గర చెయ్యి. అక్కడ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉండటం మామూలు రోజుల మాట. రోగం ఉన్నప్పుడు 0.5 చూపించాలి. క్లోరిన్ ఉంటే నీళ్ళలో వేసిన డీపీడీ అనే మాత్రకి గులాబీ రంగు వస్తుంది, ఆర్థోటోలిడిన్ అనే ద్రావణం చుక్కలకి పసుపు. ఆర్థోటోలిడిన్ అయితే పది సెకన్లలోపే రంగు చూడు, ఆలస్యం చేస్తే పనికిరాని క్లోరిన్ కూడా కలిసి రంగు ముదురుతుంది. ఆ ద్రావణం విషపూరితం, చేతికి అంటనివ్వకు, డీపీడీ దొరికితే అదే వాడు. ఇక అధికారి వస్తున్నాడని రోడ్డుకి రెండు పక్కలా ముగ్గుల్లా తెల్లగీతలు చల్లుతారు చూడు, అది క్రిముల కోసం కాదు, కెమెరాల కోసం. ఆ సంచి ట్యాంకుకి పంపించు.

ఓఆర్‌ఎస్ పంచితే సరిపోదు. ప్యాకెట్ 20.5 గ్రాములు, దానికి సరిగ్గా లీటరు నీళ్ళు. ఇంట్లో జరిగేదేమిటంటే ఒక గ్లాసులో సగం ప్యాకెట్ కలుపుతారు. ఉప్పు ఎక్కువై పసిపిల్లలకి ప్రమాదం. లీటరు ఖాళీ బాటిల్ పట్టుకెళ్ళి ఇంటావిడ చేత కలిపించి చూపించు, 24 గంటలు దాటితే పారబొయ్యమను. పిల్లలకి జింకు 14 రోజులు: ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలలవాళ్ళకి 10. విరేచనం ఆగిపోగానే మానేస్తారు, మిగిలిన మాత్రల్ని రెండోసారి వెళ్ళినప్పుడు లెక్కపెట్టు. నీళ్ళు తాగితే విరేచనం ఎక్కువవుతుందని పథ్యం పెట్టేది సాధారణంగా నాయనమ్మ. ఆవిడకి చెప్పకుండా తల్లికి చెప్పి వచ్చావంటే చెప్పనట్టే.

పోలేరమ్మకి మొక్కుకుంటామంటే ముఖం చిట్లించకు. ఊరంతా ఒకచోట చేరేది అక్కడే. అంబలి కాచే నీళ్ళు బాగా మసలనిచ్చి, ముంచే గరిట వేరేగా ఉంచితే అమ్మవారికేం అభ్యంతరం? డప్పు వాయించే మనిషి చేత రోజుకొక్క మాట చాటించు, ఉదయం ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి. ఒకే రోజు పది జాగ్రత్తలు చెబితే ఒక్కటీ మిగలదు.

కాలనీ పేరు రిపోర్టులో, పేపరువాళ్ళ ముందు ఎత్తకు. లైను చివర ఉండేది ఎప్పుడూ ఎస్సీ కాలనీయో, వలసవాళ్ళ గుడిసెలో. "ఫలానా కాలనీలో పుట్టింది" అని నువ్వన్న మాట హోటల్లో గ్లాసు దాకా, బడిలో బల్ల దాకా పోతుంది. "మూడో వాల్వు లైను" అని రాయి, నిజం కూడా అదే. పేర్లున్న లైన్ లిస్టుని వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అంకె చెప్పేది రోజుకొక్కసారి, ఒకే వేళకి, ఒకే మనిషి.

చావుల విషయంలో నీ మీద ఒత్తిడి వస్తుంది. ఒకరు "అది గుండెపోటు" అని రాయమంటారు, ఇంకొకరు పక్క ఊరి చావుని కూడా కలపమంటారు. నువ్వు రెండూ చెయ్యకు. ఆ ఇంటికి వెళ్ళి, చనిపోయిన మనిషికి ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు, మూత్రం చివరిసారి ఎప్పుడు, కళ్ళు లోపలికి పోయాయా, పాత జబ్బులేమిటి అన్నవి తేదీలతో రాసుకో. కారణం గడిలో "అనుమానితం" అని రాసి, లక్షణాలు పక్కన పెట్టు. నిర్ణయం ఎవరు మార్చినా లక్షణాలు కాగితం మీద ఉంటాయి.

కామెర్లయితే ఈ లెక్కలన్నీ తారుమారు. హెపటైటిస్ ఇ పొదిగే కాలం రెండు వారాల నుంచి తొమ్మిది వారాల దాకా. ఇవాళ కుళాయి నీళ్ళు పరీక్షిస్తే నీకు తెలిసేది ఇవాళ్టి సంగతే. ఆరు వారాల కిందట ఎక్కడ తవ్వారు, ఎప్పుడు నీళ్ళు రంగు మారాయి అని ఆపరేటర్‌నీ, బిందెలు పట్టే ఆడవాళ్ళనీ అడగాలి. ఆ ఊళ్ళో గర్భిణుల జాబితా మొదటి రోజే చేతిలో ఉండాలి, ముఖ్యంగా ఏడో నెల దాటినవాళ్ళది. వాళ్ళకి ఇది ప్రాణాంతకం కావచ్చు.

ప్రతిదీ నీళ్ళే అనుకోకు కూడా. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆస్పత్రికి వచ్చినప్పుడు నీళ్ళు, పాలు, కూరగాయలు, నెత్తురు అన్నీ రకరకాల జాతీయ సంస్థలకి పంపాల్సి వచ్చింది. క్రిమి దొరకని రోగం ఎదురైతే ముందుగా చెయ్యాల్సింది నెత్తురు, మూత్రం తీసి భద్రం చెయ్యడం. ఒంట్లో విషం రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, తర్వాత ఎంత పెద్ద ల్యాబైనా వెతకలేదు.

కలరా తేలితే, చివరి కేసు తర్వాత పది రోజులు కొత్తది రాకుండా ఉంటేనే ముగిసిందని రాయి. శిబిరం ముందే ఎత్తేస్తారు, నువ్వు మాత్రం ఆశా ఫోన్‌ని రోజూ ఎత్తు. రిపోర్టు పై ఆఫీసుకి ఎంత పొడవైనా పంపుకో. ఊరికి మాత్రం తెలుగులో ఒక్క పేజీ ఇవ్వాలి, చుక్కలు పెట్టిన వాల్వు పటంతో సహా, గ్రామసభలో చదివి. ఏ వాల్వు గుంత ఎవరు ఏ తేదీకి బాగుచెయ్యాలో అందులో ఉండాలి. లైను చివరి ఇంట్లో ఓపికున్న ఇల్లాలికి ఒక నోటు పుస్తకం, డీపీడీ మాత్రలు ఇచ్చి, నీళ్ళు వదిలిన రోజల్లా రంగు చూసి రాయమను. ఆ పుస్తకాన్ని నెలకోసారి నువ్వే వెళ్ళి చూడు. ఇంకొకరిని పంపితే రెండో నెలకి రాయడం ఆగుతుంది.

కేరీ-బ్లెయిర్ ట్యూబులు చాలా పీహెచ్‌సీల్లో బీరువా వెనక ఎండిపోయి ఉంటాయి. మాధ్యమం కుంచించుకుపోయినా, రంగు మారినా, గడువు దాటినా పనికిరావు. తొలకరి పడకముందే ఒక్కో పీహెచ్‌సీకి పదేసి చొప్పున లెక్కచూసి, లేనిచోటికి ఈ వారమే సరుకు కోరుతూ ఇండెంటు పెట్టు.

ఆశీస్సులతో,
అత్త